ఉప్పెన తీసిన పిదప బిడ్డల భయము

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్నది. అట్టి విపత్తులలో నీరు తీసినను బిడ్డ మనసులోని భయము వెంటనే తీయదు. అయిదారేండ్ల పిల్లవాడు మరల పక్క తడుపును. గాలి వీచిన ఉలికిపడును. తల్లి కొంగు విడువడు. ఇసుకతో ఇల్లు కట్టి, నీరు పోసి కూల్చి, మరల కట్టును. పెద్దలు దీనిని మంకుతనమని ఎంచి కొట్టుట కలదు. అది తగదు. నోట చెప్పలేని దానిని వాడు ఆ ఆటలో చెప్పుచున్నాడు. జరిగినది చెప్పుమని బలవంతపెట్టరాదు. తానై చెప్పునపుడు ఓపికతో వినవలెను. మరణించిన తండ్రి ఊరికి వెళ్లినాడని బొంకినచో, బిడ్డ వచ్చిన ప్రతి బస్సునకును ఎదురుచూచును. వేళకు అన్నము, వేళకు నిద్ర, త్వరగా తెరచిన బడి ఎంతో మేలు చేయును. నెల దాటినను భయము తగ్గనిచో వైద్యునికి చూపవలెను. 14416 నంబరునకు ఫోను చేసిన ఉచితముగా సలహా లభించును.

సహాయ శిబిరములో ఒంటరిగా కనబడిన బిడ్డను, పెంచుకొందుమని వచ్చిన అపరిచితులకు, వారెంత మంచివారుగా తోచినను, అప్పగింపరాదు. 1098కి గాని పోలీసులకు గాని 24 గంటలలోపల తెలుపుట 2015 నాటి బాలల న్యాయ చట్టము విధించిన బాధ్యత. అంతవరకు తోబుట్టువులను ఒకచోటనే ఉంచవలెను.