సాందీపని గురుకులము – బాలరక్షణ ధర్మము

శ్రీమద్భాగవత దశమస్కంధమున శ్రీకృష్ణపరమాత్మ కుచేలునితో తమ గురుకులవాసమును స్మరించిన ఘట్టము కలదు. గురుపత్ని ఆజ్ఞపై కట్టెలకై అడవికేగిన బాలురు అకాలవర్షమున చిక్కుకొనిరి. మిట్టపల్లములు తెలియని చీకటిలో ఒకరిచేయి నొకరు పట్టుకొని రాత్రియంతయు తిరిగిరి. సంగతి తెలిసిన సాందీపని మహర్షి, సూర్యోదయము కాగానే తానే స్వయముగా వెదకుచు వచ్చెను. ఆలస్యమేల యని కసరలేదు. తనకొరకు వారు పడిన శ్రమకు మనసు కరగి ఆశీర్వదించెను.

ఈ కథను శిష్యుల విధేయతకు దృష్టాంతముగా చెప్పుట పరిపాటి. కాని గురువు బాధ్యతయు ఇందు అంతే స్పష్టముగా నున్నది. ప్రభాసతీర్థమున సముద్రము పాలైన తన కుమారుని గురుదక్షిణగా కోరిన తండ్రి ఆ సాందీపని. బిడ్డ యింటికి రాకున్న కలుగు వేదన ఆయన యెరుగును. పరుల బిడ్డను చేరదీసినవాడు, ఆ బిడ్డ క్షేమముగా ఇల్లు చేరువరకు జవాబుదారియే.

తెలకపల్లి పరిసర గ్రామములందు బాలభజనమండలులు, వేసవి గీతాతరగతులు నడుప సంకల్పించు పెద్దలకు ఇదియే ప్రథమపాఠము. విశ్వామిత్రుడంతటివాడు రామలక్ష్మణులను దశరథుని అనుమతి పొందియే వెంట తీసికొనిపోయెను. దారిలో ఆకలిదప్పులు బాధింపకుండ బల, అతిబల విద్యలను ఉపదేశించెను. కావున తల్లిదండ్రుల సమ్మతి లేనిదే పిల్లలను ఊరు దాటింపరాదు. బయలుదేరునపుడును, తిరిగివచ్చునపుడును పేరుపేరున పిలిచి లెక్క సరిచూడవలెను.

సింగోటము శ్రీలక్ష్మీనరసింహస్వామి దర్శనమునకో, సోమశిలలో కృష్ణాస్నానమునకో పోవునపుడు నీటికడ మరింత జాగరూకత కావలెను. 2007 జనవరిలో మంచాలకట్ట వద్ద కృష్ణానదిలో పడవ మునిగి అనేకులు అసువులు బాసిన సంగతి ఈ ప్రాంతమువారికి తెలిసినదే. పెద్దలు తోడులేక పిల్లలను నీట దింపరాదు. లైఫ్ జాకెట్లు లేని పడవ నెక్కింపరాదు.

ఆపద నీటినుండియే రాదు. ఎంతటి భక్తుడైనను, ఎంతటి పండితుడైనను ఒక్క పెద్దమనిషి ఒక్క బిడ్డతో మూసిన గదిలో నుండరాదు. ఇద్దరు పెద్దలైన నుండవలెను. బాలికలకు స్త్రీలు తోడుండవలెను. ఈ నియమము ఎవరినో అనుమానించుటకు కాదు, అందరిని కాపాడుటకు.

బిడ్డ భయపడి యేదైన చెప్పినయెడల "పెద్దవారిని అట్లనరాదు" అని నోరు మూయింపరాదు. పసివాడైన ప్రహ్లాదుని మాటను నిజము చేయుటకై స్తంభమున వెలసిన స్వామిని కొలుచు మనము, పసివారి మాటను త్రోసిపుచ్చుట తగునా? గుడికి అప్రతిష్ఠ యని దాచుట మహాపాపము. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, పిల్లలపై లైంగికనేరము జరిగినదని తెలిసియు తెలుపకుండుట శిక్షార్హము. 1098 నంబరుకు ఫోను చేసి సహాయము కోరవచ్చును. బిడ్డ పేరు మాత్రము బయట పెట్టరాదు.

భజన నేర్పుట పుణ్యము. నేర్చిన బిడ్డను నవ్వుమొగముతో తల్లి యొడికి చేర్చినపుడే ఆ పుణ్యము పూర్ణమగును. ఇదియే బాలగోపాలునికి ప్రీతియగు కైంకర్యము.