రెండు కళ్లకు రెండు చిత్రాలు: చేవెళ్ల, మొయినాబాద్ విద్యార్థులకు వీఆర్ రెండరింగ్ చూపే ఉపాధి దారి

ఇంకా పునాది పడని ఇంటి హాలులో నిలబడి చుట్టూ చూస్తున్న అనుభూతిని కొనుగోలుదారుకు కలిగించే చిత్రాలను కంప్యూటర్‌లో తయారుచేయడం నేడు ఆర్కిటెక్చర్, సినిమా, పర్యాటక రంగాలు మూడింటిలోనూ జీతం లభించే పని. తలకు తొడుక్కునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌లో చూసే ఇటువంటి చిత్రాన్ని స్టీరియో పనోరమా అంటారు. చుట్టూ 360 డిగ్రీల దృశ్యాన్నీ ఒకే చిత్రంలో పరిచి చూపుతుంది కనుక అది పనోరమా. ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి చొప్పున స్వల్ప తేడాతో రెండు చిత్రాలు ఉండి, వాటిని మెదడు కలిపి చూసినప్పుడు లోతు తెలుస్తుంది కనుక అది స్టీరియో. అజీజ్‌నగర్‌లోని విద్యాజ్యోతి, చిలుకూరులోని కేజీ రెడ్డి వంటి ఇంజనీరింగ్ కళాశాలలు మొయినాబాద్ మండలంలోనే ఉండగా, ఈ నైపుణ్యం అవసరమయ్యే గ్రాఫిక్స్ సంస్థలు, స్టూడియోలు హైదరాబాద్‌లో ఉన్నందున, ఈ ప్రాంత విద్యార్థికి దూరం ఆటంకం కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో తెలిసినవారు ఎందరో ఉన్నారు గాని, ఆ బటన్ వెనుక ఉన్న రేఖాగణితం తెలిసినవారు తక్కువ; ఉద్యోగంలో నిలదొక్కుకునేది ఆ రెండో వర్గమే.

కెమెరాలోకి కాంతి ఎలా వస్తుందో దానికి ఎదురు దిశలో లెక్కించే పద్ధతి రే ట్రేసింగ్. చిత్రంలోని ప్రతి పిక్సెల్ నుండి ఒక కిరణాన్ని దృశ్యంలోకి పంపి, అది తాకిన గోడ, గాజు లేదా ఆకు వద్ద ప్రతిఫలనాన్ని, వక్రీభవనాన్ని, నీడను లెక్కగట్టి, ఆ పిక్సెల్‌కు రంగు నిర్ణయిస్తారు. ఇలా కంప్యూటర్ లెక్కతో చిత్రాన్ని తయారుచేయడమే రెండరింగ్. ఈ పద్ధతికి నేటి రూపాన్నిచ్చిన టర్నర్ విటెడ్ పరిశోధన పత్రం 1980లో వెలువడగా, కాంతి రవాణా మొత్తాన్ని ఒకే సమీకరణంగా జేమ్స్ కజియా 1986లో ప్రతిపాదించారు. గ్రాఫిక్స్ ఇంజనీర్ కాదలచిన విద్యార్థి ఈ రెండు పత్రాలనూ చదివి తీరాలి.

స్టీరియో పనోరమా విషయంలో కొత్తవారు సాధారణంగా చేసే ఆలోచన ఏమిటంటే, రెండు పనోరమా కెమెరాలను కళ్ల ఎడంతో పక్కపక్కన నిలిపితే సరిపోతుందని. ఎదురుగా చూసినంతసేపు అది సరిగానే ఉంటుంది. అయితే చూపరి తలను 90 డిగ్రీలు తిప్పేసరికి ఒక కెమెరా మరొకదాని వెనుకకు వెళ్లి లోతు మాయమవుతుంది, పూర్తిగా వెనుదిరిగితే ఎడమ కుడులు తారుమారై దగ్గరివి దూరంగా, దూరపువి దగ్గరగా తోస్తాయి. మనిషి తల తిప్పినప్పుడు రెండు కళ్లూ కూడా దానితో తిరుగుతూ ఒక చిన్న వృత్తం మీద కదులుతాయని గుర్తిస్తే పరిష్కారం దొరుకుతుంది. పెద్దవారిలో సగటున 6.3 సెంటీమీటర్లుండే కళ్ల ఎడమే ఆ వృత్తానికి వ్యాసం. చిత్రంలోని ప్రతి నిలువు వరుస ఒక దిక్కుకు చెందుతుంది కనుక, ఆ దిక్కుకు తగినట్లు కిరణం వృత్తం మీది వేరొక బిందువు నుండి స్పర్శరేఖగా బయలుదేరుతుంది. ఎడమ కంటికి ఒక వైపు స్పర్శరేఖలు, కుడి కంటికి రెండో వైపువి. ఒకే కేంద్రం నుండి దృశ్యమంతటినీ చూసే మామూలు గేమ్ గ్రాఫిక్స్ పద్ధతికి ఇది సులువుగా లొంగదు. కిరణం ఎక్కడ నుండైనా మొదలుకావచ్చునన్న స్వేచ్ఛ ఉన్న రే ట్రేసింగ్‌కు మాత్రం ఇది కొద్ది పంక్తుల లెక్క. అందువల్లనే ఈ పనికి రే ట్రేసింగ్ సాఫ్ట్‌వేర్ అంత చక్కగా అమరింది.

సర్వదిశా స్టీరియో అనదగిన ఈ భావనను జపాన్‌కు చెందిన హిరోషి ఇషిగురో బృందం 1992లోనే వివరించగా, 1999లో ష్మూయెల్ పెలెగ్, మోషే బెన్-ఎజ్రా ఒకే కెమెరాను తిప్పుతూ అటువంటి చిత్రాన్ని తీయవచ్చునని చూపారు. తెలుగు నేలకు గర్వకారణమైన అడుగు 2016లో పడింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు చెందిన రజత్ అగర్వాల్, అమ్రిషా వోహ్రా, అనూప్ నంబూద్రి, కాఫీ వడపోత కాగితాన్ని పోలిన ముడతల అద్దాన్ని రూపొందించి, ఒకే కెమెరాతో రెండు కళ్ల పనోరమాలనూ ఒకేసారి వీడియోగా తీసే పద్ధతిని సీవీపీఆర్ అనే కంప్యూటర్ విజన్ సదస్సులో ప్రచురించారు. ఇక్కడి ప్రయోగశాలలో నుండే ఈ రంగానికి కొత్త ఆలోచన వెళ్లిందన్న సంగతి ఇక్కడి విద్యార్థికి తెలిసి ఉండాలి.

నేర్చుకోవడానికి ఖర్చు అడ్డు కాదు. ఉచితంగా లభించే బ్లెండర్‌లోని సైకిల్స్ రెండరర్‌కు 2016లో వచ్చిన 2.78 వెర్షన్‌తో గోళాకార స్టీరియో సౌకర్యం చేరింది. నెత్తి మీదికి, కాళ్ల కిందికి చూసినప్పుడు స్పర్శరేఖల లెక్క చెడిపోతుంది కనుక, ధ్రువాల దగ్గర కళ్ల ఎడాన్ని క్రమంగా సున్నాకు తెచ్చే అమరిక కూడా అందులో ఉంది. దృశ్యాన్ని పాఠ్యంగా రాసే పోవ్-రే మరొక ఉచిత సాధనం. గణితం చేతితో రాసి అర్థం చేసుకోదలచినవారికి అది మంచి గురువు. ఆర్కిటెక్చర్ స్టూడియోలలో వీ-రే ఎక్కువగా వాడుకలో ఉంది.

ఈ సాధనాలతో పనిచేసేటప్పుడు కొలతల మీద పట్టు లేనివారు దెబ్బతింటారు. అంగుళాలలో గీసిన ఇంటి నమూనాను మీటర్లుగా భావించి రెండర్ చేస్తే కళ్ల ఎడం ఇంటితో పొంతన కోల్పోయి, విల్లా కొండంతగా కనిపిస్తుంది; పొరపాటు తిరగబడితే బొమ్మరిల్లులా కనిపిస్తుంది. చిత్ర పరిమాణమూ అంతే ముఖ్యం. 8192 పిక్సెళ్ల వెడల్పు, 4096 ఎత్తుతో రెండు కళ్లకూ కలిపి 6.7 కోట్ల పిక్సెళ్లు అవుతాయి. అది సాధారణ ఫుల్ హెచ్‌డీ చిత్రానికి 32 రెట్లకు పైమాట. అంత చేసినా డిగ్రీకి 23 పిక్సెళ్లే దక్కుతాయి. ఆ వెడల్పు వద్ద సుమారు 80 మీటర్లు దాటిన వస్తువుకు రెండు కళ్ల చిత్రాల మధ్య ఒక పిక్సెల్ తేడా కూడా ఉండదు.

ఈ లెక్క విలువ చేవెళ్ల రోడ్డు మీద తెలుస్తుంది. అప్పా జంక్షన్ నుండి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల జాతీయ రహదారి విస్తరణ ప్రతిపాదన వచ్చినప్పుడు, ఇరువైపులా ఉన్న వందలాది మర్రిచెట్ల కోసం వ్యాజ్యం జాతీయ హరిత ట్రైబ్యునల్ వరకు వెళ్లింది. చెట్లు ఉన్న రోడ్డును, లేని రోడ్డును ఒకే చోట నిలబడి చూసేలా రెండు స్టీరియో పనోరమాలు తయారుచేయడం విద్యార్థికి అన్ని విధాలా ఉత్తమమైన అభ్యాసం. దగ్గరి ఊడలకు లోతు బాగా పలకాలి, దూరపు చెట్ల వరుసకు అంత శ్రమ అవసరం లేదు, మీటరు లోపలికి వచ్చిన కొమ్మ కంటిని నొప్పిస్తుంది. ఇవన్నీ ఒక్క చిత్రంలోనే నేర్చుకోవచ్చు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో చుట్టూ దశాబ్దాలుగా వాదోపవాదాలు నడుస్తున్న ఈ ప్రాంతంలో, కట్టబోయేదాన్ని ముందే నిజాయితీగా చూపడం అమ్మకాలకే పరిమితమైన పని కాదు, పౌరులకు కూడా అవసరమైన పని.

అనుభవజ్ఞులు హెడ్‌సెట్ పెట్టుకోగానే వెతికే లోపాలు కొన్ని ఉన్నాయి. తక్కువ కిరణాలతో రెండర్ చేసినప్పుడు మిగిలే చుక్కల రొద ఎడమ కంటికి ఒకలా, కుడి కంటికి మరొకలా ఉంటే దృశ్యం మెరమెరలాడి తలనొప్పి తెస్తుంది. రెండు చిత్రాలనూ విడివిడిగా నునుపు చేసినా ఇదే ప్రమాదం. రెండరింగ్ తర్వాత పూసిన వెలుగు మెరుపులు చిత్రం కుడి, ఎడమ అంచులు కలిసే చోట అతుకుగా కనిపిస్తాయి. చూపరి తలను భుజం వైపు వంచినా, అడుగు ముందుకు వేసినా ఈ చిత్రం సహకరించదు. ఆ పరిమితిని దాచకుండా ముందే చెప్పగలవారినే సంస్థలు నమ్ముతాయి.

ఈ రంగంలోకి ప్రవేశించడానికి దారులు వేర్వేరు. గణితం, సీ ప్లస్ ప్లస్ ఇష్టపడేవారు ఈఏపీసెట్ ద్వారా కంప్యూటర్ సైన్స్‌లో చేరి, సదిశలు, త్రికోణమితి, జీపీయూ ప్రోగ్రామింగ్ మీద కృషి చేస్తే, హైదరాబాద్‌లో కేంద్రాలున్న ఎన్విడియా, ఏఎండీ, క్వాల్‌కామ్ వంటి సంస్థలలో గ్రాఫిక్స్ ఇంజనీరింగ్ కొలువులకు ప్రయత్నించవచ్చు. రూపకల్పన వైపు మొగ్గే విద్యార్థికి మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం తగిన చోటు. అక్కడి నుండి 3డీ విజువలైజర్, లైటింగ్ ఆర్టిస్ట్ పనులకు వెళ్లవచ్చు. ఈ రెంటి మధ్యా వారధిగా, కళాకారుల పని ఆగకుండా పైథాన్‌లో చిన్న పనిముట్లు రాసి ఇచ్చే టెక్నికల్ ఆర్టిస్ట్ స్థానం ఉంది. లెక్కలూ కన్నూ రెండూ బాగున్న అభ్యర్థికి అదే అన్నిటికన్నా అనువైనది. ఏ దారిన వెళ్లినా దరఖాస్తుతో పాటు ఎడమ కంటి, కుడి కంటి చిత్రాలను ఒకదాని కింద ఒకటి పేర్చిన పూర్తి పరిమాణపు పనోరమాను, దాన్ని తయారుచేసిన దృశ్య ఫైలును, కళ్ల ఎడం, కెమెరా ఎత్తు, కిరణాల సంఖ్య, రెండరింగ్‌కు పట్టిన సమయం రాసిన ఒక పేజీ వివరణను జతచేయాలి.