మారు వివాహము – బిడ్డల మనస్సు

హైదరాబాదు నగరపు పడమటి దిక్కున 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతముల రూపమే మారిపోయినది. మన గ్రామముల యువతీయువకులెందరో అచట ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో జీవిత భాగస్వామిని కోల్పోయినవారు, విడాకులు పొందినవారు మరల వివాహము చేసికొనుట కలదు. అట్టి సమయమున, అంతవరకు పల్లెలో తాత, నాయనమ్మల చెంత పెరిగిన బిడ్డ క్రొత్త ఇంటికి చేరవలసివచ్చును. తగవు పుట్టినచో మొదట పిలువబడువారు పంచాయతీ సభ్యులే.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. నాటి వివాదము స్త్రీకి మారు వివాహము తగునా అనునది. నేటి వివాదము ఆమె బిడ్డ ఎవరివాడు అనునది.

మన తెలుగువారి కుటుంబమొకదానిలో ఇట్టి వివాదమే సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. 2006లో తండ్రి మరణించెను. మరుసటి సంవత్సరము తల్లి మరల వివాహమాడెను. తాత, నాయనమ్మలు 2008లో సంరక్షణహక్కు కోరిరి. బిడ్డ తల్లి యొద్దనే ఉండెను గాని, పూర్వపు ఇంటిపేరునే ఉంచవలెననియు, అవసరమైనచోట ఆమె భర్తను 'మారుతండ్రి' అని వ్రాయవలెననియు హైకోర్టు 2014లో ఆదేశించెను. 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశములను త్రోసిపుచ్చినది. అట్లు వ్రాయించుట క్రూరమనియు, బిడ్డ ఆత్మగౌరవమునకు భంగకరమనియు, ఇంటిపేరు నిర్ణయించు హక్కు సహజ సంరక్షకురాలైన తల్లిదేననియు తీర్పు చెప్పినది.

సభ్యులు మరి రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. హిందువులకు వర్తించు 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము, వివాహమాడినంతమాత్రమున మారుతండ్రి గాని సవతితల్లి గాని సహజ సంరక్షకులు కారు. తల్లి మరల వివాహమాడినంతమాత్రమున, మృతుడైన తండ్రి ఆస్తిలో బిడ్డకు గల హక్కు పోదు. భూమి కొరకు బిడ్డను పట్టి ఉంచుట న్యాయము కాదు.

చట్టము పేరును నిర్ణయింపగలదు, మమతను కలిగింపజాలదు. దానికి ఓర్పు వలయును. క్రొత్తవారిని 'నాన్న' అనియో 'అమ్మ' అనియో పిలువుమని బిడ్డను నిర్బంధింపరాదు. చనిపోయిన తండ్రి పటమును గోడనుండి తీయరాదు. ఆయనను తలచుకొనుట క్రొత్తవారికి ద్రోహము కాదని బిడ్డకు తెలియవలెను. మందలింపవలసివచ్చినచో తొలిదినములలో కన్నవారే మందలించుట మేలు. క్రొత్తవారు ముందు స్నేహము సంపాదింపవలెను. ఆ ఇంట మరియొక శిశువు పుట్టినచో, తిండిలో, బట్టలో, చదువులో భేదము చూపరాదు. బడి మార్పు, ఇల్లు మార్పు ఒకేమారు జరుగకుండ, వీలైనంతవరకు విద్యాసంవత్సరము ముగియువరకు ఆగుట మంచిది.

పెద్దలు ఒకరి నింద మరియొకరిపై బిడ్డ యెదుట వేయరాదు. సంక్రాంతికి, వేసవి సెలవులకు బిడ్డ తాతగారింటికి వచ్చిపోవునట్లు ఇరుపక్షములను సభ్యులు ఒప్పింపవలెను. వీధిలోను బడిలోను 'సవతి బిడ్డ' అను ఎత్తిపొడుపు వినబడకుండ చూడవలెను. బిడ్డను హింసించుచున్నట్లు తెలిసినచో తగవు తీర్చుటతో సరిపుచ్చక 1098కు ఫోను చేయవలెను.

ఎవరి పక్షము న్యాయమని విచారించుటకు ముందు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అతని మాట వినుడు. ఆ బిడ్డకు రెండు ఇండ్లును తనవే అనిపించిననాడు పంచాయతీ చెప్పిన తీర్పు సఫలమైనట్లు.