సెల్ఫ్ కొట్టే ముందు

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా స్కూటర్ రెండు రోజులు నీళ్లలోనే ఉంది. నీళ్లు తీశాక మా తమ్ముడు తుడిచి, సెల్ఫ్ కొట్టాడు. టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజను మొత్తం విప్పాల్సి వచ్చింది. మళ్లీ వానాకాలం వస్తోంది. ఈసారి మునిగితే ఇంట్లో మేం చేయగలిగిందేమైనా ఉందా?
- ఒక గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఉందమ్మా, చాలానే ఉంది. మీ తమ్ముణ్ణి ఏమీ అనకండి. నీళ్లు తగ్గగానే ఎవరి చెయ్యయినా ముందు వెళ్లేది ఆ బటన్ మీదికే. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే వాటికి పోయే దారి ఉండదు. వంగాల్సింది కనెక్టింగ్ రాడ్డే. మీరు విన్న ఆ టక్కు అదే అయి ఉంటుంది.

కాబట్టి తాళం చెవి ఇంట్లో దాచేసి పని మొదలుపెట్టండి. ముందు బండి ఎంతవరకు మునిగిందో నీటి గీత కనబడేలా ఫోన్లో ఫొటోలు తీయండి. మీది ఫుల్ ఇన్సూరెన్స్ అయితే వరద నష్టం ఇస్తారు గానీ, నీళ్లున్న ఇంజన్ని తిప్పి పాడుచేస్తే ఆ ఖర్చు మీదేనని చాలా పాలసీల్లో ఉంటుంది. క్లెయిము వేసే ఉద్దేశం ఉంటే కంపెనీకి చెప్పకుండా ఒక్క నట్టు కూడా విప్పకండి.

క్లెయిము లేదనుకుంటే, సెంటర్ స్టాండు వేసి బ్యాటరీ వైర్లు ఊడదీయండి, మైనస్ ముందు. బండితో ఇచ్చిన ప్లగ్ స్పానరుతో స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రం మీద గుడ్డ అడ్డుపెట్టి, కిక్కు నెమ్మదిగా చేత్తో దించండి. నీళ్లుంటే బయటికి చిమ్ముతాయి. చిమ్మడం ఆగేదాకా చేయండి. కిక్కు లేని బండి అయితే మాత్రం ఇక్కడే ఆగి మెకానిక్‌ని పిలవండి. సెల్ఫ్‌తో తిప్పితే ఆ రంధ్రంలోంచి నీళ్లతోపాటు పెట్రోలూ చిమ్మి, ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది.

తర్వాత ఇంజనాయిలు. కొలబద్ద తీసి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉందంటే నీళ్లు చేరినట్టే. మొత్తం దించి కొత్తది పోయండి. చాలా స్కూటర్లకు ముప్పావు లీటరు అటూఇటూ సరిపోతుంది. బండి స్టార్టయ్యాక పది నిమిషాలు తిప్పి, మళ్లీ మార్చండి. రెండుసార్లు దండగ అనిపిస్తుంది గానీ మొదటి ఆయిలు కడగడానికే. వెనక చక్రం దగ్గర గేరాయిలు విడిగా ఉంటుంది, దాన్ని అందరూ మరిచిపోతారు. తడిసిన కాగితపు ఎయిర్ ఫిల్టర్ని ఎండబెట్టి వాడే ప్రయత్నం చేయకండి, పారేయండి.

పెట్రోలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికి నీళ్లంటే మహా ఇష్టం. కొద్ది తేమ అయితే తనలో కలుపుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, పెట్రోలు పైన తేలుతుంది. ఇంజనుకు ముందు అందేది ఆ అడుగుదే. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజుసీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. మధ్యలో గీత కనబడితే ట్యాంకు ఖాళీ చేయించాల్సిందే. ఆ పెట్రోలును కాలువలో మాత్రం పోయకండి.

బెల్టు ఉండే డొప్పలోని నీళ్లు, హెడ్‌లైటు కనెక్షన్లు, ఇంజెక్షన్ బండి అయితే దాని కంప్యూటర్ డబ్బా: ఇవి మెకానిక్ పనులు. మొదటిసారి రోడ్డెక్కినప్పుడు బ్రేకులు సరిగా పట్టవు. ఖాళీ వీధిలో మెల్లగా నడుపుతూ రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా నొక్కుతూ వెళ్తే ఆరతాయి.

ప్రశ్న: మా హాల్లో ఫ్యాన్ స్విచ్ వేస్తే గుయ్యిమంటుంది గానీ తిరగదు. మా అమ్మాయి చీపురుకట్టతో రెక్కను తోస్తే అప్పుడు తిరుగుతుంది, అదీ నీరసంగా. మోటారు కాలిపోయిందంటున్నారు. కొత్తది కొనాలా?
- రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: మాస్టారూ, కాలిపోయిన మోటారు చీపురుకట్టకు భయపడి తిరగదు. పాపం, మీ ఫ్యాన్‌కు పోయింది కెపాసిటరే అయి ఉంటుంది, వంద రూపాయల లోపు వస్తువు.

ఇంటికొచ్చే సింగిల్ ఫేజు కరెంటు మోటారును అటూఇటూ ఊపగలదు గానీ, ఫలానా వైపు తిరుగు అని చెప్పలేదు. అందుకే లోపల రెండో చుట్ట పెట్టి, దానికి కెపాసిటర్ ద్వారా కరెంటు ఇస్తారు. రెండు చుట్టల కరెంటూ ఒకేసారి కాకుండా ఒకదాని వెనక ఒకటి పోటెత్తడంతో ఫ్యాన్ ఒక వైపుకు కదులుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కెపాసిటర్ శక్తి తగ్గుతుంది, ఫ్యాన్ నీరసిస్తుంది. మీ చీపురుకట్ట చేస్తున్నది ఆ దిక్కు చూపించే పనే.

ఒక్క పరీక్ష చేయండి. స్విచ్ ఆపి రెక్కను చేత్తో తిప్పండి. చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగితే కెపాసిటర్. గరగరమంటూ వెంటనే ఆగితే బేరింగులు, అవి షాపులో మార్చాల్సినవి. వేసవి సాయంత్రాల్లో మాత్రమే ఇలా అవుతుంటే, మిగతా ఫ్యాన్లూ మందగిస్తున్నాయేమో చూడండి. అప్పుడు తప్పు ఫ్యాన్‌ది కాదు, ఓల్టేజీది.

మార్చేటప్పుడు గోడ స్విచ్ ఆపితే చాలదు. కొన్ని పాత ఇళ్లలో స్విచ్‌ను న్యూట్రల్ వైరుకు పెట్టేశారు. ఆపినా ఫ్యాన్ దగ్గర కరెంటు ఉంటుంది. మెయిన్ దించి, టెస్టరు పెట్టి చూసి, అప్పుడు ఎక్కండి. కుర్చీ మీద కుర్చీ వేసి కాదు, నిచ్చెన మీద, కింద ఒకరు పట్టుకుని ఉండగా. రాడ్డు దగ్గర బోర్లించిన కప్పు జరిపితే కెపాసిటర్ కనబడుతుంది. ముందు ఫొటో తీసుకుని, ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో దాని రెండు కొసల్నీ ఒకసారి తాకించి, విప్పండి. దానికి ప్లస్సూ మైనస్సూ లేవు. దాని మీద రాసిన అంకె, సాధారణంగా 2.5, అదే కొనండి. 'పెద్దది వేస్తే స్పీడు వస్తుంది' అని షాపులో అంటారు. వస్తుంది, వేడీ వస్తుంది. మీది కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఈ వైద్యం పనిచేయదు, అందులో ఉండేది సర్క్యూట్ బోర్డు.

ప్రశ్న: గీజర్ వేస్తే ఇల్లంతా కరెంటు పోతోంది. ఎర్త్ వైరు పీకేస్తే ట్రిప్ అవదని ఎలక్ట్రీషియన్ కుర్రాడు చెప్పాడు. పీకమంటారా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వద్దు. ఆ కుర్రాణ్ణి మళ్లీ పిలవనూ వద్దు.

మీ బోర్డులో 'టి' అనే చిన్న బటన్ ఉన్న పెద్ద స్విచ్ ఒకటి ఉంటుంది. వెళ్లిన కరెంటంతా తిరిగి వచ్చిందా లేదా అని చూడటమే దాని ఉద్యోగం. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే పడిపోతాయి. మీ గీజర్లో కరెంటు ఎర్త్ దారిలో పోతోంది. ఎర్త్ పీకేస్తే ఆ దారి మీరవుతారు, అదీ తడి కాళ్లతో.

మీ ఊరి బోరు నీళ్లకు హీటింగ్ కాయిలు మీద సున్నం పేరుకుంటుంది. కాయిలు ఉడికి పైతొడుగు చిట్లితే నీళ్లు లోపలికి పోతాయి. గీజర్ స్విచ్ ఆపినా ట్రిప్ అవుతుంటే తికమక పడకండి. స్విచ్ ఒక్క వైరునే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. ప్లగ్ పూర్తిగా పీకేశాక ట్రిప్ ఆగితే దొంగ గీజరే. కాయిలు మార్పించండి. అలాగే పక్కనున్న సేఫ్టీ వాల్వు చుక్కలు కారుతోందని ఎం-సీల్‌తో మూసేవాళ్లున్నారు. లోపలి ఒత్తిడి బయటికి పోవడానికి పెట్టిందది, మూయకండి.

ప్రశ్న: వంటింటి కుళాయి చుక్కలు ఆగడం లేదు. గట్టిగా బిగిస్తే ఇంకా ఎక్కువైంది.
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బిగించడం ఆపండి. నాలుగైదు చుట్లు తిరిగే పాతరకం అయితే లోపలి రబ్బరు వాషరు నలిగింది. పావు చుట్టుకో అర చుట్టుకో ఆగేదయితే సిరామిక్ కార్ట్రిడ్జి పోయింది. పాతది చేత్తో పట్టుకెళ్లి సరిపోయింది తెచ్చుకోండి. విప్పే ముందు మేడమీది గేటువాల్వు మూసి, కుళాయి తిప్పి నీళ్లు నిజంగా ఆగాయో లేదో చూడండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వు పైకి బిగుసుకున్నట్టే ఉంటుంది గానీ నీళ్లు వదులుతూనే ఉంటుంది. నేనలా ఒక ఆదివారం సాయంత్రం కుళాయి విప్పేసి, హార్డ్‌వేర్ షాపు తెరిచేదాకా, అంటే సోమవారం పొద్దున పది దాకా, బకెట్లు మారుస్తూ కూర్చున్నాను.