చిత్రములో చిత్రము: సంఘసభ్యుల కొక పాఠము



పత్తికాయలో దూరిన గులాబీరంగు పురుగు గట్టుమీద నిలిచి చూచువానికి కనబడదు. కాయ పైకి పచ్చగానే యుండును. లోపల గింజ తినబడుచుండును. దానిని పది గ్రామముల సభ్యులకు ఒక్క వారములో చూపుట యెట్లు? అధికారి యొక్కడు, చేలు వేలు. ఇట్టి పనికి వీడియో మిక్కిలి యుపకరించును. కాని అది సరిగా తీయబడవలెను.

మా పొరపాటునే మొదట చెప్పుకొందుము. గడచిన వానకాలమున మేము తీసిన తొలి వీడియోలో మాటలాడువాని ముఖమే తెరనిండ నుండెను. అతని చేతిలోని గుడ్డిపువ్వు గోరంతగా కనబడెను. చూచిన యొక వృద్ధరైతు, “మీ మొగం మంచిగనే కనవడ్డది గని, పురుగేడున్నది బిడ్డా?” అని యడిగెను. మేము నవ్వి యూరకుంటిమి. ఆ వారమే ఆయన తన చేనిలో నున్నది కాయపురుగని తలచి మందు కొని చల్లెను. తరువాత చూడగా అది పచ్చదోమ. డబ్బు పోయెను, దోమ పోలేదు. ఆ నష్టములో మా వీడియోకును పాలు కలదు. అందువలననే యీ పాఠము.

ఇది యేమి?

తెరమీద పెద్ద చిత్రము నడచుచుండగా, దాని మూలన మఱియొక చిన్న చిత్రమును నడపుటయే “పిక్చర్ ఇన్ పిక్చర్”, అనగా చిత్రములో చిత్రము. టెలివిజన్ వార్తలలో చెవిటివారికై మూలన సైగలు చేయువారిని మీరు చూచియే యుందురు. 1957లో వచ్చిన మాయాబజారులో ప్రియదర్శినిని తెరచి శశిరేఖ అభిమన్యుని చూచుటయు నిట్టిదే. అది యానాడు మార్కస్ బార్ట్లే వంటి ఛాయాగ్రాహకుని ప్రజ్ఞకు లొంగిన విద్య. నేడు సంఘపు గుమాస్తా అరగంటలో నేర్వగలడు.

మనకు దీని లాభ మేమనగా: పెద్ద చిత్రములో పువ్వు, కాయ, పురుగు, చిన్న చిత్రములో చెప్పువాడు. రైతు కన్ను పంటమీద నుండును, చెవి మాటమీద నుండును. చెప్పుచున్నది తెలిసినవాడే యను నమ్మకమును కలుగును.

ఆదిలాబాదు ప్రాంతమునకు ఇంకొక మేలు కలదు. ఉట్నూరు, జైనూరు, కెరమెరి వైపు గోండీ, కొలామీ మాటలాడు కుటుంబములు పెక్కు. చేనిలోని పెద్ద చిత్రమును ఒక్కసారి తీసిన చాలును. మూలనున్న చిన్న చిత్రమును మాత్రము మార్చి, ఒకమారు తెలుగున, ఒకమారు గోండీలో, ఒకమారు కొలామీలో చెప్పింపవచ్చును. ఒక పాఠము మూడు పాఠము లగును.

మనవారికి ఇది సాధ్యమా యని శంకింప నక్కఱలేదు. జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో వీడియోలు మన యాసలోనే లోకమంతట చూడబడుచున్నవి. వానిలో నటించిన గంగవ్వ వ్యవసాయపు కూలిపనులు చేసిన స్త్రీ. జహీరాబాదు వైపున డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు, బడి మొగ మెఱుగనివారు సైతము, కెమెరా పట్టి తమ విత్తనములను గూర్చి తామే చిత్రములు తీసిరి.

కొత్త సాఫ్ట్‌వేరు లేకుండ నేల?

సంఘపు కంప్యూటరులో సభ్యుల లెక్కలుండును. ఉచితమని కనబడిన దానినెల్ల దింపి యెక్కించినచో, దానితోకూడ వైరసులు వచ్చి లెక్కలనే చెఱుపవచ్చును. పాత కంప్యూటరులో చోటును ఉండదు. కావున బ్రౌజరులోనే పని ముగించు పద్ధతి మేలు. ఇట్టివానిలో క్లిప్‌చాంప్ ఒకటి. దీనిని 2021లో మైక్రోసాఫ్ట్ కొనెను. ఎడ్జ్ లేక క్రోమ్ బ్రౌజరులో తెరచిన చాలును. కూర్పు బ్రౌజరులోనే జరుగును. అయినను ఇంటర్నెట్టు ఉండవలెను.

చేయు విధము

1. మొదట చేనిలో చిత్రము తీయుడు. ఫోనును అడ్డముగా పట్టుడు. విచ్చుకొనక ముడుచుకొనియున్న గుడ్డిపువ్వును విప్పి, లోపలి పురుగును దగ్గఱగా చూపుడు. ఒక్కొక్క దృశ్యమును నెమ్మదిగా పదియంకెలు లెక్కించునంతసేపు కదలక నిలుపుడు.

2. తరువాత గదిలో కూర్చుండి, ఆ చిత్రమును ఎదుట నడపుకొని చూచుచు, చెప్పువాని ముఖమును వేఱుగా తీయుడు. వెలుతురు ముఖముమీద పడవలెను, వీపుమీద కాదు. ఫ్యాను ఆపుడు.

3. రెండు వీడియోలను కంప్యూటరులోనికి తెచ్చి, క్లిప్‌చాంప్ తెరచి, ఈమెయిలుతో లోనికి పోయి, “క్రియేట్ ఎ న్యూ వీడియో” నొక్కుడు. “ఇంపోర్ట్ మీడియా” ద్వారా రెండింటిని చేర్చుడు.

4. చేని చిత్రమును మౌసుతో లాగి క్రింది వరుసలో, అనగా టైమ్‌లైనులో, ఉంచుడు. చెప్పువాని చిత్రమును దానికి పైవరుసలో ఉంచుడు. పైవరుసలోనిదే పైన కనబడును. రెండింటిని ఒకేచోట ప్రారంభింపుడు.

5. పైదానిని నొక్కి “పిక్చర్ ఇన్ పిక్చర్” అను గుర్తును ఎన్నుకొనుడు. నాలుగు మూలలలో ఏది కావలెనో చెప్పిన అది చిన్నదై అచట కూర్చుండును. పురుగున్న మూలను కప్పకుడు. ఈ తప్పు మేము రెండవ వీడియోలో చేసితిమి.

6. చేని చిత్రములోని గాలిహోరును, ట్రాక్టరు చప్పుడును తగ్గింపుడు. అనవసరమైన భాగమును “స్ప్లిట్”తో త్రుంచి తీసివేయుడు.

7. “ఎక్స్‌పోర్ట్” నొక్కి 720 అను కొలతను ఎన్నుకొనుడు. ఫోనులలో చూచుటకు అది చాలును. వీడియో డౌన్‌లోడ్సులో చేరును.

తెరమీది పనిని నేర్పుటకు

భూభారతిలో భూమి వివరములు చూచుట, కపాస్ కిసాన్ యాపులో పత్తి అమ్మకమునకు దినమును నిర్ణయించుకొనుట వంటివి నేర్పవలెనన్న, “రికార్డ్ అండ్ క్రియేట్” అనుదానిలో తెరను, కెమెరాను ఒకేసారి పట్టు వీలు కలదు. యాపు ఫోనులోనిదైనచో దాని తెరచిత్రములను ముందుగా కంప్యూటరునకు చేర్చుకొని వానిని తెరచి చూపవచ్చును.

ఇచట మిక్కిలి జాగరూకత వలయును. ఏ సభ్యుని పాసుపుస్తకము సంఖ్య, ఆధారు, బ్యాంకు ఖాతా, ఫోనుకు వచ్చు ఓటీపీ తెరమీద కనబడరాదు. ఒకసారి పదిమంది ఫోనులకు పోయిన వీడియోను మరల పిలిచి తేలేము.

కడపటి మాటలు

మూడు నిమిషములకు మించిన వీడియోను సాయంకాలము అలసి వచ్చిన రైతు చూడడు. ఒక వీడియోలో ఒక్క సంగతియే చెప్పుడు. చెప్పునది కచ్చితముగా చెప్పుడు: “పురుగు ఎక్కువైన మందు కొట్టుడు” అనక, “లింగాకర్షక బుట్టకు దినమునకు 8 చొప్పున రెక్కలపురుగులు వరుసగా మూడుదినములు పడినచో చర్య తీసికొనుడు” అని చెప్పవలెను. మందు పేరు, మోతాదు చెప్పుటకు ముందు వ్యవసాయాధికారికి చూపి సరిచేయించుడు. కూర్పు ముగిసిన పిదప ఖాతానుండి బయటికి వచ్చుట మఱవకుడు. ఆ కంప్యూటరు పదిమందిది.

పంపుటకు ముందు కంటిచూపు తగ్గిన యొక పెద్దమనిషికి చిన్న ఫోనులో చూపి, పురుగెచట నున్నదని యడుగుడు. ఆయన వ్రేలుపెట్టి చూపినచో పంపుడు. లేనిచో మరల తీయుడు. మేము ఇప్పుడు అదే వృద్ధరైతునకు మొదట చూపుచున్నాము.