ప్రైవేటు చెరువు కట్ట: హక్కు, బాధ్యత, భద్రత

చెరువు అనగానే అది ఊరుమ్మడి ఆస్తి అన్న భావన మనకు సహజంగా కలుగుతుంది. వాస్తవం ఇందుకు కొంత భిన్నంగా ఉంది. కేంద్ర జలశక్తి మంత్రిత్వశాఖ 2023లో వెలువరించిన మొట్టమొదటి జలవనరుల గణన ప్రకారం దేశంలో చెరువులు, కుంటలు, జలాశయాలు మొదలైనవి 24,24,540 ఉన్నాయి. వాటిలో 55.2 శాతం ప్రైవేటు యాజమాన్యంలో ఉన్నట్లు తేలింది.

ఇవన్నీ ప్రమాదకరమైనవని భావించరాదు. నేలను తవ్వి చేసిన కుంటలో నీరు భూమట్టానికి దిగువన ఉంటుంది. అది పొంగినా పక్క పొలం తడుస్తుంది, అంతే. వాగుకో వాలుకో అడ్డంగా కట్ట ఎత్తి నిలిపిన నీటి సంగతి వేరు. ఆ నీరు దిగువనున్న పొలాలకన్నా, ఇళ్లకన్నా ఎత్తున ఉంటుంది. దానిని ఆపుతున్నది మట్టికట్ట ఒక్కటే. అది ఒకరి సొంత ఆస్తి అయినంతమాత్రాన, తెగినప్పుడు నీరు ఆ ఆస్తి సరిహద్దులో ఆగదు.

కార్వేటినగరం వ్యాజ్యం

ఈ ప్రశ్న మన నేలపైనే నూటయాభై సంవత్సరాల క్రితం న్యాయస్థానం ముందుకు వచ్చింది. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం అప్పట్లో ఒక జమీందారీ. ఆ జమీందారు ఏలుబడిలోని రెండు చెరువులు అసాధారణమైన వరదకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీవారి మార్గాన్ని దెబ్బతీశాయి. కంపెనీ నష్టపరిహారం కోరుతూ దావా వేసింది. వివాదం చివరకు లండనులోని ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లింది.

అప్పటికి ఇంగ్లండులో 1868నాటి తీర్పు ఒకటి అమలులో ఉంది. సొంత ప్రయోజనంకోసం నీటిని నిల్వచేసినవాడు, ఆ నీరు తప్పించుకొని పొరుగువానికి నష్టం కలిగిస్తే, తన పొరపాటు లేకపోయినా బాధ్యుడే అని దాని సారాంశం. కంపెనీ ఆధారపడినది ఈ సూత్రంమీదనే. అయితే 1874లో ప్రివీ కౌన్సిలు ఈ వాదాన్ని అంగీకరించలేదు. ఇక్కడి చెరువులు ఒక వ్యక్తి తన లాభంకోసం కట్టుకొన్నవి కావు. ప్రాచీనకాలంనుంచి దేశ ప్రజల జీవనానికి ఆధారమైన నీటిపారుదల వ్యవస్థలో అవి భాగం. వాటిని పూడ్చివేసే స్వేచ్ఛ జమీందారుకు లేదు. కాపాడి మరమ్మతు చేయించడం అతని విధి. ఆ విధి నిర్వహణలో అశ్రద్ధ రుజువు కానందున అతడు పరిహారం చెల్లించనక్కరలేదు.

ఈ తీర్పులో విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. జమీందారుకు రక్షణగా నిలిచినది అతని యాజమాన్య హక్కు కాదు, అతడు నెరవేర్చిన బాధ్యత. కట్టను పట్టించుకోకుండా వదిలివేసిన యజమానికి ఈ తీర్పు అండగా నిలవదు.

పూర్వులు చేసిన ఏర్పాటు

చెరువు కట్టడంతో పని తీరదని పూర్వులు ఎరుగుదురు. రాయలసీమలో చెరువు కట్టించినవారికి, దానిని బాగుచేయించేవారికి ‘దశబంధం’ పేరిట భూమిని ఇనాముగా ఇచ్చేవారు. కట్ట బాగోగులు చూచినంతకాలమే ఆ ఫలం దక్కాలన్నది అందులోని నియమం. ఊళ్లో నీరుగంటివాడు తూము తీయడం, మూయడమే కాక కట్టమీద కన్ను వేసి ఉండేవాడు.

కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు వద్దనున్న 1369నాటి సంస్కృత శాసనం ఇంకొక అడుగు ముందుకు వేసింది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, వర్జించవలసిన ఆరు దోషాలను ఆ శాసనం పేర్కొన్నది. కట్టనుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిమీద ఉండడం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై సాగు ఎక్కువ కావడం, సాగు తక్కువై నీరు ఎక్కువ కావడం అనేవి ఆ దోషాలు. వీటిలో మొదటిది నేటి ఇంజనీర్లకు కూడా తొలి ఆందోళనే.

1948నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ చెరువులు ప్రభుత్వానికి సంక్రమించాయి. నేడు ప్రైవేటు జలాశయాలు ఎక్కువగా పొలాలలో, తోటలలో కనిపిస్తాయి. కొడగు, చిక్కమగళూరు ప్రాంతాల కాఫీ తోటలలో తోటకు తడి పెట్టడానికి సొంత చెరువులు ఏర్పరచుకొన్నవారున్నారు. దశబంధంవంటి నియమం మాత్రం వీటి వెనుక లేదు.

కట్ట తెగే తీరు

మట్టికట్టలు ప్రధానంగా మూడు విధాల తెగుతాయి.

మొదటిది, నీరు కట్టమీదుగా పొర్లడం. మట్టికట్ట నీటిని ఆపగలదు గాని, తనమీదుగా పారే నీటిని భరించలేదు. వెలుపలి వాలు కోతపడి కొద్ది గంటలలోనే గండి పడవచ్చు. దీనికి విరుగుడు అలుగు. అలుగు చాలినంత వెడల్పు లేకపోయినా, ఎక్కువ నీరు నిలపాలని దానిపై ఇసుక బస్తాలు, పలకలు పెట్టినా, చేపలు పోకుండా వలలు కట్టినా, కట్టకు ప్రాణాపాయం తప్పదు. బండ్ల రాకపోకలవల్ల కట్ట పైభాగం ఒకచోట కుంగితే, నీరు మొదట పొర్లేది అక్కడే.

రెండవది, లోపలినుంచి మట్టి కొట్టుకొనిపోవడం. ఎలుకల బొరియలు, ఎండ్రకాయల కన్నాలు, ఎండిన చెట్ల వేళ్లు, తూము గోడను ఆనుకొన్న సందులు నీటికి దారి ఇస్తాయి. ఊట నీరు తేటగా ఉంటే గమనిస్తూ ఉండవచ్చు. అదే నీరు బురదగా మారినా, దాని పరిమాణం పెరిగినా, కట్ట కడుపులో బుంగ పడుతున్నదని గ్రహించాలి.

మూడవది, వాలు జారడం. కట్టపై పొడుగునా పగుళ్లు, వెలుపలి పాదంవద్ద ఉబ్బు దీనికి సూచనలు. నిండు చెరువును ఒక్కసారిగా ఖాళీచేసినా నానిన లోపలి వాలు జారిపోవచ్చు.

చిన్నదే గదా అనుకోరాదు

నాలుగు హెక్టార్ల విస్తీర్ణం, సగటున రెండున్నర మీటర్ల లోతు ఉన్న చెరువును ఊహించండి. అందులో ఒక లక్ష ఘనపు మీటర్ల నీరు పడుతుంది. దాని బరువు లక్ష టన్నులు. గండి పడి ఆ నీరంతా అరగంటలో వెలువడితే, సెకనుకు సగటున 55 ఘనపు మీటర్ల ప్రవాహం ఏర్పడుతుంది. వర్షాకాలంలో తప్ప నీటి చుక్క ఎరుగని చిన్న వాగులోకి, రాత్రివేళ ఈ ప్రవాహం వస్తే దిగువ పేట గతి ఏమిటి?

శ్రీలంకలోని కంతలై ప్రాచీన చెరువు 1986 ఏప్రిల్ 20న తెగి వందమందికి పైగా మరణించారు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో తివరె అనే చిన్న మట్టి డ్యాము 2019 జూలై 2 రాత్రి తెగి దాదాపు ఇరవైమందిని బలిగొన్నది. కట్టనుంచి నీరు కారుతున్నదని గ్రామస్థులు అంతకుముందే మొరపెట్టుకొన్నారు. ఈ రెండూ ప్రభుత్వ జలాశయాలు. కెన్యాలోని సొలాయ్‌లో 2018 మే 9 రాత్రి తెగినది మాత్రం ఒక ప్రైవేటు వ్యవసాయ క్షేత్రానిది. అక్కడ నలభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ జలాశయానికి అనుమతి లేదని జలవనరుల అధికారులు ప్రకటించినది ప్రమాదం జరిగిన తర్వాతనే.

చట్టం పరిధి

మన దేశంలో 2021లో డ్యాముల భద్రతా చట్టం వచ్చింది. ప్రభుత్వమైనా, కంపెనీ అయినా, డ్యాము యజమాని ఎవరైనా అది వర్తిస్తుంది. వర్షాకాలానికి ముందు, తరువాత తనిఖీలు, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక అందులో తప్పనిసరి చేశారు. కాని 15 మీటర్లకు మించి ఎత్తుగల డ్యాములకు, లేదా 10 నుంచి 15 మీటర్ల ఎత్తు ఉండి, 500 మీటర్ల పొడవు, పదిలక్షల ఘనపు మీటర్ల నిల్వ వంటి నిర్ణీత షరతులలో ఒకటైనా తీర్చేవాటికి మాత్రమే ఆ చట్టం పరిమితం. పైన ఊహించిన లక్ష ఘనపు మీటర్ల చెరువు కట్ట ఎత్తు తొమ్మిది మీటర్లయితే, అది ఈ చట్టం చూపుకు అందదు. దిగువనున్న కుటుంబానికి మాత్రం ఆ భేదం తెలియదు.

యజమాని చేయవలసినది

ఈ లోటును తీర్చడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. వానలకు ముందు అలుగును శుభ్రపరచాలి. కట్టపై పొదలు కొట్టి, బొరియలను తవ్వి మంచి మట్టితో గట్టిగా దిమ్మిస వేయించాలి. కుంగినచోట కట్టను తిరిగి మట్టానికి తేవాలి. తూము తలుపు కదులుతున్నదో లేదో చూడాలి. చెరువు నిండిన రోజులలో ప్రతిదినం వెలుపలి పాదం వెంట నడవాలి.

బురద ఊట కనిపిస్తే దానిపై బంకమట్టి వేసి మూయడం పొరపాటు. నీరు వేరొక దారి వెదకుతుంది. ముందు ఇసుక, దానిపై కంకర, ఆపై రాళ్లు పరచాలి. అప్పుడు నీరు పోతుంది, మట్టి నిలుస్తుంది. ఆ వెంటనే తూము ద్వారా మట్టాన్ని క్రమంగా తగ్గిస్తూ, దిగువ వారిని ఎత్తైన చోటికి తరలించి, ఇంజనీరుకు కబురు చేయాలి. కట్ట నిలుస్తుందో లేదో తేలేదాకా వేచి ఉండి హెచ్చరించడం హెచ్చరిక కాదు.

రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం దోషమని పోరుమామిళ్ల శాసనకర్త చెప్పాడు. బాధ్యత ఎవరిదో తేలనిచోట కట్ట నిలువదన్నది అందులోని అంతరార్థమని భావించవచ్చు. యజమాని పొలానికీ, పొరుగువాని ఇంటికీ నడుమనున్న సరిహద్దు కూడా అటువంటిదే. ఆ గట్టు దాటి ఆలోచించగలిగిననాడే చెరువు ఉభయులకూ సంపద అవుతుంది. మీ ఊరి చుట్టుపక్కల కట్ట ఎత్తిన చెరువులు ఎన్ని ఉన్నాయో, వాటి అలుగులు ఏ స్థితిలో ఉన్నాయో, వాటి దిగువన ఎవరు నివసిస్తున్నారో విద్యార్థులు ఈ వానాకాలానికి ముందు పెద్దల తోడుతో స్వయంగా పరిశీలించి వ్రాసుకొంటే, ఈ పాఠం సార్థకమవుతుంది.