ఒక పొల్లు, ఒక సున్న

పాఠ్యభాగము: మత్తయి 5:17–20



మన తెలుగు బైబిలులో పై భాగమును చదువునప్పుడు పొల్లు, సున్న అను రెండు మాటలు కనబడును. ధర్మశాస్త్రములో ఇంత చిన్న గుర్తు సహితము వ్యర్థము కాదని ప్రభువు కొండమీద బోధించెను. ఈ చిన్న గుర్తులను గూర్చి ఈ నెల కొంచెము ధ్యానింతము.

1. అక్షరము

మనము పొల్లు అని చదువుచోట గ్రీకు మూలములో ‘ఇయోటా’ అని యున్నది. ఇది గ్రీకు అక్షరములలో తొమ్మిదవది. మన ‘ఇ’ వంటి ధ్వని గలది. చూచుటకు ఒక చిన్న నిలువు గీత మాత్రమే. దీనికి సరియైన హెబ్రీ అక్షరము ‘యోద్’. హెబ్రీ అక్షరములన్నిటిలో అదియే మిక్కిలి చిన్నది. మనము సున్న అని చదువు రెండవ మాటకు గ్రీకులో ‘కొమ్ము’ అని అర్థము, అనగా అక్షరమునకుండు చిన్న మొన. హెబ్రీలో ‘ద’ పలుకు అక్షరమునకును ‘ర’ పలుకు అక్షరమునకును అట్టి మొన యొక్కటే భేదము. ద్వితీయోపదేశకాండము 6:4లో దేవుడు ‘ఒక్కడే’ అను మాట చివర ఆ మొన చెరిగిపోయినయెడల అది ‘వేరొకడు’ అని మారును!

2. ఇంగ్లీషు వాడుక

ఇంగ్లీషువారు ఈ అక్షరమును ‘అయోటా’ అని పలుకుదురు. “ఒక్క అయోటా కూడ లేదు” అని వారు చెప్పినయెడల “రవ్వంతయు లేదు” అని అర్థము. 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలులో ఇదే ‘జాట్’ అను రూపమున నున్నది. కాగితముమీద నాలుగు మాటలు త్వరగా వ్రాసికొనుటకు కూడ వారు ఆ మాటనే వాడుదురు.

మన పల్లెలలోనో, “విన్నది పొల్లు పోకుండ చెప్పెను” అందుము. ఇంగ్లీషు వాడుక ఎంత చిన్నదో చూపును. మన వాడుక ఆ చిన్నది కూడ పోరాదని చూపును. ప్రభువు మాటలో ఈ రెండును కలిసియున్నవి.

3. చిన్న గుర్తు, పెద్ద భేదము

దూరముననున్న కుమారునికి తండ్రి ఉత్తరము వ్రాసెననుకొందము. “పైరు పండినది” అని వ్రాయబోయి సున్న మరచినయెడల “పైరు పడినది” అని యగును. ఇంట సంతోషముండగా అక్కడ కుమారుడు దుఃఖించును.

సంఘచరిత్రలోను ఇట్టిది జరిగెను. 325వ సంవత్సరమున నీకయ సభలో పితరులు కుమారుడు తండ్రితో ‘ఏకస్వభావము’ గలవాడని ఒప్పుకొనిరి. తరువాత కొందరు ‘పోలిన స్వభావము’ అనుట మేలనిరి. గ్రీకులో ఆ రెండు మాటలకు ఒక్క ఇయోటాయే భేదము. కాని తండ్రిని పోలినవాడు వేరు, తండ్రితో ఏకమైనవాడు వేరు గదా! 381లో కాన్‌స్టాంటినోపిల్ సభ నీకయ విశ్వాసమునే స్థిరపరచెను.

4. మనకు పాఠము

కూలివానికి ఇయ్యవలసిన దానిలో పది రూపాయలు తగ్గించి, “ఇంతే గదా” అందుము. త్రాసు కొంచెము వంగనిచ్చి, “ఇంతే గదా” అందుము. బిడ్డను ఊరుకోబెట్టుటకు చిన్న అబద్ధమాడి, “ఇంతే గదా” అందుము. మనము ఇంతే అన్నది ఆ కూలివాని ఇంట ఒక పూట కూడు కావచ్చును.

అయితే ఒక హెచ్చరిక. పరిసయ్యులు పుదీనాలో సహితము పదియవవంతు లెక్కించిరి గాని న్యాయమును కనికరమును విడిచిరి (మత్తయి 23:23). ప్రభువు వారిని గద్దించినది చిన్నవాటిని చేసినందుకు కాదు, పెద్దవాటిని మానినందుకు. పొల్లులను పట్టుకొని వాక్యమును విడుచుటయు తప్పే. వాక్యము నాదేయని పొల్లులను చెరుపుటయు తప్పే. పొరుగువానియెడల న్యాయము, కనికరము చూపుటకే చిన్నవాటిలో నమ్మకముగా నుందము.

ఆలోచించుటకు:
(1) ఈ వారము మనము “ఇంతే గదా” అని విడిచినది ఏది?
(2) దానివలన నష్టపడినవారెవరు? వారితో దానిని ఎట్లు సరిచేసికొందుము?